కొళాయి నీళ్ళు

జనవరి 9, గురువారం

ఈరోజు ఆడవాళ్ళ కూటమిలో ధర్మం మాటలు చెప్పే ఆపా అందరికీ ఒక పని అప్పజెప్పింది. అల్లా మనకు ఇచ్చినదాంట్లో రోజుకు ఒక్కటైనా కాగితం మీద పెట్టుకోవాలట. షుకర్, అంటే కృతజ్ఞత, నోటికి అలవాటు కావాలంటే ముందు చేతికి అలవాటు కావాలని చెప్పింది. "కష్టమొస్తే ఓర్చుకుని సబర్, సుఖమొస్తే షుకర్. అల్లా మీద ఈమాన్ ఉండేవాళ్ళకు రెండు పక్కలా లాభమే" అన్నది. అందరూ తలలూపారు. నా తోడికోడలు షబ్రీన్ అందరికంటే ముందు ఊపింది.

సరే, రాస్తాను. మా ఆయన కుడిచెయ్యి విరిగింది. తల పగల్లేదు. అల్హందులిల్లా.

జనవరి 12, ఆదివారం

పుత్తూరు పోయి వచ్చాం. పోయిన ఆదివారం బంగారుపాళ్యం పెళ్ళిలో బిర్యానీ డేక్సా దించుతూ ఈయన బురదలో జారినప్పుడే తీసుకుపోయి కట్టు కట్టించాం. ఈరోజు విప్పి, ఎముక తడిమి చూసి, ఆకు మందు పూసి, వెదురుబద్దలు పెట్టి మళ్ళీ బిగించారు. ఎముక కూడుకునేదాకా గరిటె పట్టకూడదని కట్టు కట్టే పెద్దాయన గట్టిగా చెప్పాడు. గరిటె పట్టకపోతే మా ఆయన వలి మాస్టర్ ఏంటి, వట్టి వలి బాషా.

బస్సులో వస్తూ ఈయన కిటికీలోంచి తోటలు చూస్తూ కూర్చున్నాడు. బాధగా ఉందా అని అడిగాను.

"ఎడమ చెయ్యి బాగుండాది గదా వహీదా. అల్హందులిల్లా" అన్నాడు.

ఆ ఎడమ చెయ్యి నేనే విరిచేద్దామా అనిపించింది. మనిషికి కోపం రావద్దా? ఇంట్లో ఒక్కరైనా కోప్పడకపోతే దేవుడికి మాత్రం మన కష్టం ఎట్లా తెలుస్తుంది. తప్పు మాట రాశాను. తౌబా. అల్లాకు అన్నీ తెలుసు.

షుకర్: బస్సులో సీటు దొరికింది.

జనవరి 15, బుధవారం

ఒప్పుకున్న పెళ్ళిళ్ళు అన్నీ నిస్సార్ చేస్తాడట. నిస్సార్ నా మరిది. ఇన్నేళ్ళూ అన్న వెనకాల ఉల్లిపాయలు తరిగి, పొయ్యి ఎగదోసి, డేక్సాలు తోమినవాడు. ఇంక ఎవరు చేస్తారు, నిజమే, మాట పోకూడదు. నేనే ముందు ఒప్పుకున్నాను. నాకేం బాధ లేదు.

షబ్రీన్ వాకిట్లో మొగుడి తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఒకే వాకిలి, ఒకే కొళాయి, చెరో రెండు గదులు. చూడకూడదనుకున్నా కనిపిస్తుంది. వంటకు పోయేవాడికి ఇస్త్రీ చొక్కా ఎందుకో.

జనవరి 19, ఆదివారం

నిస్సార్ చేతి మొదటి పెళ్ళి మా పలమనేరులోనే. ఆడవాళ్ళ పంక్తిలో కూర్చున్నాను. బిస్మిల్లా అని ముద్ద తీసుకున్నాను గానీ మనసులో కోరుకున్నది వేరు. అన్నం మెత్తబడి ఉండాలి. లేదా ముక్క ఉడికి ఉండకూడదు. అంత పెద్ద తప్పు కాకపోయినా, దాల్చాలో పులుపైనా ఎక్కువ కావాలి.

మెతుకు మెతుక్కు అంటలేదు. ముక్క వేలితో తాకితే విడిపోయింది. ఎవరికీ చెప్పను, ఇక్కడ మాత్రం రాస్తాను. మా ఆయన బిర్యానీకి ఏం తీసిపోలేదు. లవంగం ఆయన కంటే ఒక పిసరు తక్కువ వేశాడు, అదే బాగుంది.

పక్కన కూర్చున్నావిడ వేళ్ళు నాకుతూ "ఎవురు మే మాస్టరు?" అని అడిగింది. షబ్రీన్ వెంటనే తల వంచుకుని "అంతా బావ నేర్పించిందే. మాదేముండాది" అన్నది. అంతే, బిర్యానీ సంగతి వదిలేసి దాని వినయం మీద పడ్డారు అందరూ. ఎంత అణకువ, ఎంత సబర్, బావకు దెబ్బ తగిలిందని మొహం ఎట్లా వాడిపోయిందో చూడండి అని. చెయ్యి విరిగింది నా మొగుడికి. మొహం వాడింది దానికి. సబర్ పేరు కూడా దానికే.

దిష్టి తగలకుండా అందరూ మాషా అల్లా అన్నారు. నేను నీళ్ళు తాగుతున్నాను, అనలేదు.

జనవరి 20

షుకర్: ఏమీ తోచలేదు.

జనవరి 24, శుక్రవారం

పాలు పోసే నాగరత్నమ్మ కూడా మొదలుపెట్టింది. "మీ మరిది చెయ్యి భలే చెయ్యి మే వహీదమ్మా. మా మేనల్లుడు తిని వచ్చి రొండు దినాలు అదే మాట" అన్నది. పాలు పల్చగా ఉన్నాయని ఆమెతో గొడవ పెట్టుకున్నాను. పాలు బాగానే ఉన్నాయి.

అది కాదు రాయాల్సింది. మధ్యాహ్నం ఈయన ఫోన్ మోగింది. ఈయన ఎడమ చేత్తో తీసి "వలి మాస్టర్ని మాట్లాడేది" అన్నాడు. అవతల నుంచి ఏమన్నారో వినబడలేదు. "ఉండాడు, ఇస్తా ఉండా" అని లేచి, వాకిలి దాటి పోయి, ఫోన్ నిస్సార్ చేతికి ఇచ్చి వచ్చాడు. ఈయన ఫోన్. నిస్సార్ కోసం.

వచ్చి కూర్చుని నవ్వాడు. "బేరం మన ఇంట్లోకే గదా వచ్చింది" అన్నాడు. ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటే మాత్రం సగంలోనే చాలన్నాడు. అప్పుడే అవతలి గదిలోంచి షబ్రీన్ నవ్వు వినిపించింది. బిడ్డను ఆడిస్తోందో ఏమో. ఇంకెందుకు నవ్వుతుంది, బిడ్డనే ఆడిస్తోంది. కాదు, ఫోన్ సంగతికే నవ్వింది.

జనవరి 28

నిస్సార్‌కు జ్వరం. ఊరంతా ఉంది ఈ జ్వరం. షబ్రీన్‌కు మిరియాల చారు కాచి ఇచ్చాను. ఆపా వింటే మెచ్చుకోవాలి.

ఫిబ్రవరి 2, ఆదివారం

జ్వరం తగ్గింది. కానీ వాసన పోయింది. రుచి కూడా. షబ్రీన్ ఇంగువ ముక్క ముక్కు కింద పెట్టింది, తెలియలేదు. ఆవాలు మాడ్చింది, మేమంతా దగ్గి చస్తుంటే నిస్సార్ మాత్రం బొమ్మలాగా నిలబడి ఉన్నాడు. తర్వాత గోడకు తిరిగి ఏడ్చాడు. డాక్టరు మెల్లగా వస్తుందిలే అన్నాడట. మెల్లగా అంటే ఎప్పుడు? వచ్చే ఆదివారం బంగారుపాళ్యంలో గిరిప్రసాద్ వాళ్ళ ఇంటి విందు ఉంది. వాసన తెలియని బిర్యానీ మాస్టరు, కళ్ళు లేని దర్జీ ఒకటే.

పాపం అన్నాను. అందరూ అన్నారు, నేనూ అన్నాను. నోరు పాపం అంటుంటే గుండెలో ఏదో చల్లగా తగిలింది. ఎండలో నడిచి వచ్చి కుండలో నీళ్ళు తాగినట్టు. అల్లా మాఫ్ కరే.

ఫిబ్రవరి 4, మంగళవారం

మా అత్తమ్మ ఊరుకునే మనిషి కాదు. "ఇది జ్వరం పని కాదు. దిష్టి. అంతమంది నోళ్ళు" అన్నది. అందరం మెదలకుండా ఉన్నాం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను మాత్రం "నేనేమన్నా?" అన్నాను. ఎవరూ నన్నేమీ అనలేదు.

"నిన్నెవురు అన్న్యారు మే. ప్రవక్త కాలంలో ఒకాయనకు దిష్టి తగిలి పడిపోతే, కన్ను పెట్టినాయన చేత ఒళ్ళు కడిగించి ఆ నీళ్ళు ఈయన మీద పోసినారంట. మా నాయన చెప్పేవాడు. ఎవుని కన్నో మనకేం తెలుసు. ఇంట్లో అందరం వుజూ చేసి ఆ నీళ్ళు పట్టిద్దాం. నేనూ ఇస్తా. ఎవురి మీదా మాట లేదు" అన్నది.

అత్తమ్మ నమాజుకు ముందు కడుక్కున్నట్టే బేసిన్‌లో వుజూ చేసింది. ఈయన ఎడమ చెయ్యి కడుక్కుని, కట్టు మీద తడిచెయ్యి రాసి, మొహం, కాళ్ళు కడిగి ఇచ్చాడు. షబ్రీన్ ఇచ్చింది. నా వంతుకు చెంబు తీసుకుని పెరట్లో కొళాయి దగ్గరికి పోయాను.

పలమనేరు చలి అందరికీ తెలిసిందే. నీళ్ళు కొరికేస్తున్నాయి. చెయ్యి పెట్టలేకపోయాను. చెంబు కొళాయి కింద పెట్టి నింపి, పైట కొంగుతో తుడిచి తెచ్చి ఇచ్చాను. నీళ్ళు నీళ్ళే కదా. అత్తమ్మ అన్నీ కలిపి నిస్సార్ వెనక నిలబడి నెత్తిన పోసింది. వాడు వణికిపోతూ నా వైపు చూసి "అందరికీ కష్టమిచ్చినా వదినా" అన్నాడు.

చలి వల్లే.

ఫిబ్రవరి 5

చలి కాదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

రొట్టె విరిగి నేతిలో పడింది!

జుమ్మా నమాజు నుంచి వచ్చి నిస్సార్ నేరుగా మా గదిలోకి వచ్చాడు. ఈయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"అన్నా, ఎల్లుండి నువ్వు రావల్ల. పొయ్యి పక్కన కుర్చీ ఏయిస్తా. ఉప్పు నువ్వే సూడు, దమ్ము నువ్వే సూడు. నాకు ముక్కు లేదు, నీకు చెయ్యి లేదు. నేను నీ చెయ్యిగా ఉంటా."

ఈయన తమ్ముడి మొహంలోకి చూశాడు. "పోదాం పా" అన్నాడు. నేను లోపలికి పోయి ట్రంకు పెట్టె తీసి ఆయన తెల్ల చొక్కా బయటపెట్టాను. కట్టు పట్టేటట్టు కుడిచేతి కుట్టు విప్పాను. ఇస్త్రీ కూడా చేశాను. వాకిట్లోనే.

ఫిబ్రవరి 9, ఆదివారం

బంగారుపాళ్యం మామిడితోటలో విందు. ఈయన నీలం ప్లాస్టిక్ కుర్చీలో, చెయ్యి మెడకు వేలాడేసుకుని కూర్చుంటే నవాబు మాదిరి ఉన్నాడు. నిస్సార్ గరిటెలో తెచ్చి చూపిస్తాడు. ఈయన నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంటాడు. "కొంచెం ఎయ్యి" అంటాడు. వాడు వేస్తాడు. "చాలు" అంటాడు. వాడు ఆగుతాడు. మూత తీయగానే వాసన తోటంతా పాకింది. గిరిప్రసాద్ పదిమంది ముందర ఈయనకు శాలువా కప్పి, "వలి మాస్టరు కుర్చీలో కూసున్నా వలి మాస్టరే అబ్బా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. మొదటిసారి ఎవరూ చెప్పకుండా నోట్లోంచి అల్హందులిల్లా వచ్చింది. ఈరోజు షుకర్ రాయాలంటే ఈ పేజీ చాలదు. ఆయన అన్నం తిన్నాడు. నిండుగా తిన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఏదో కూనిరాగం తీశాడు.

దిగుతూ షబ్రీన్‌తో "నీ మొగునికి ఎప్పుటికి వస్తాదో పాపం, సబర్ చెయ్యి మే" అన్నాను. ఆపా గొంతు పెట్టి మరీ అన్నాను. అది తల వంచుకుని "సరే అక్కా" అన్నది. దాని సబర్ పాడుగాను! ఒక్కసారి మాటకు మాట అనొచ్చు కదా. అంటే నాకు ఎంత హాయిగా ఉండేది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

నిన్న రాత్రి షబే బరాత్ జాగారం. అందరికీ దువా చేశాను. కట్టిన కట్టుకు, కట్టినాయనకు, నాగరత్నమ్మ ఆవుకు కూడా చేశాను. నిస్సార్ ముక్కు దగ్గరికి వచ్చేసరికి నోరు రాలేదు. వాడికి వాసన వస్తే ఈయనకు కుర్చీ పోతుంది. మళ్ళీ ఈయన ఫోన్ తీసుకుపోయి వాడికి ఇవ్వాలి.

వాడికి రాకపోవడానికి కారణం నా చెంబేనేమో. అందరివీ వుజూ నీళ్ళు, నావి కొళాయి నీళ్ళు. ఎవరి కన్ను తగిలిందో ఆ నీళ్ళే పడలేదు కాబోలు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇంకో పెళ్ళి. ఇంకోసారి కుర్చీ. మళ్ళీ అందరూ ఈయననే పొగిడారు. ఈసారి నేను సగం అన్నం ఆకులోనే వదిలి లేచాను.

సాయంత్రం నిస్సార్ వాకిట్లో కూర్చుని పప్పన్నం తింటున్నాడు. రుచి తెలియని నోరు. మట్టి తిన్నట్టు ఉంటుందేమో. "ఊరగాయ ఏమన్నా ఎయ్యాల్నా?" అని అడిగాను. "ఎందుకులే వదినా" అని నవ్వాడు. నా కన్నే తగిలింది. నాకు తెలుసు. ఆ రోజు పంక్తిలో నేను తాగిన నీళ్ళు దాహానికి కాదు.

ఫిబ్రవరి 18

ఏం రాయను.

ఫిబ్రవరి 20, గురువారం

కూటమికి పోలేదు. షబ్రీన్ కూడా పోలేదు, బిడ్డకు జలుబు. అత్తమ్మ పోయింది. మగవాళ్ళు వచ్చే పెళ్ళికి సామాను చూడ్డానికి బజారుకు పోయారు. ఇదే సందని బేసిన్ తీసుకుని కొళాయి దగ్గర కూర్చుని వుజూ చేశాను. మోచేతుల దాకా, మడమల దాకా, వేళ్ళ సందుల్లో కూడా. బొట్టు కింద పడకుండా పట్టాను. బేసిన్ ఎత్తుకుని షబ్రీన్ గుమ్మంలోకి పోయాను.

"ఇవి నిస్సార్ మీద పొయ్యి. మొన్న నేనిచ్చినేవి కొళాయి నీళ్ళు. వుజూ చెయ్యలా" అన్నాను. ఇంకా చాలా చెప్పాలని పోయాను. అంతే వచ్చింది.

అది బిడ్డను చాప మీద పడుకోబెట్టి లేచింది. తిడుతుందనుకున్నాను. గుమ్మం దాటి అటూ ఇటూ చూసి నన్ను లోపలికి లాగింది.

"అక్కా, ఆయనకు వాసన వచ్చేసింది."

"ఎప్పుడు?"

"మీరు నీళ్ళు పోసిన మరుసట్రోజే. నేను పోపు ఏస్తా ఉంటే కరేపాకు అన్న్యాడు."

మరుసట్రోజే. అంటే ఫిబ్రవరి అయిదు. ఇక్కడ నేను చలి కాదు అని రాసుకున్న రోజు. బంగారుపాళ్యం కుర్చీ, శాలువా, "నాకు ముక్కు లేదు" అన్న మాట, అన్నీ దాని తర్వాతే.

"మళ్ళ ఎందుకు చెప్పలా?"

"బావ ఆ ఫోన్ తెచ్చి ఈయన చేతికి ఇచ్చినాడే, ఆ పొద్దు నుంచి ఈయనకు అన్నం పోలేదక్కా. అన్నను కూసోబెట్టేదానికి అల్లా నాకు ఒక సాకు ఇచ్చినాడు, చెయ్యి బాగయ్యేదాకా వాడుకుంటా, నువ్వు నోరెత్తద్దు అన్న్యాడు. నువ్వు కూడా బావకు చెప్పద్దు. నీకు దండం పెడతా."

నేను బేసిన్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. సిగ్గేసింది. దానికంటే ముందు ఏమేసిందో కూడా రాస్తాను, అసూయ. నాకు ఇట్లాంటి మొగుడు లేడా అంటే ఉన్నాడు. నేనే ఇట్లాంటిదాన్ని కాదు. "నీకేం మే, నువ్వు సబర్‌తోనే పుట్టినావు" అన్నాను.

అప్పుడు లేచింది దానికి కోపం. ఇన్నేళ్ళలో మొదటిసారి.

"నాకు మండదనుకున్న్యావా? బావకు శాలువా కప్పుతా ఉంటే నా మొగుడు యెనకాల గరిటెలు కడుగుతా ఉన్న్యాడు. నువ్వు ఆటో దిగి సబర్ చెయ్యి మే అంటివి. ఇంట్లోకొచ్చి దిండు కరుసుకొని ఏడిస్తి. నేను తల వంచుకుంటే అందురూ సబర్ అంటారు. తలెత్తితే నోట్లోంచి ఏమొస్తాదో అని వంచుకుంటానక్కా!"

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ముందు అది నవ్విందో నేను నవ్వానో. బిడ్డ లేచి ఏడుపు మొదలుపెట్టింది.

"ఈ నీళ్ళు ఏం చేద్దాం?" అన్నాను.

షబ్రీన్ బేసిన్ అందుకుని, వంగి, తన నెత్తినే పోసుకుంది. "నువ్వు ఎక్కువ చూసింది నన్నే గదా" అన్నది. చలికి పళ్ళు టకటకలాడుతుంటే నా కొంగుతోనే తల తుడుచుకుంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

రంజానుకు ముందు ఇదే ఆఖరి పెళ్ళి. కుర్చీ, గరిటె, "కొంచెం ఎయ్యి", "చాలు", అన్నీ మామూలే. నాకే మామూలుగా లేదు. నిస్సార్ గరిటె పట్టుకుని అన్న నోటి మాట కోసం ఎదురు చూస్తుంటే చూడలేక అవతలికి పోయాను. షబ్రీన్ ఆకులు తుడుస్తోంది. తల వంచుకునే ఉంది. నేనూ పక్కన కూర్చుని ఇంకో ఆకు తీసుకున్నాను.

ఇంటికి వచ్చాక ఈయన ఆకలి అన్నాడు. పెళ్ళి భోజనం చేసి వచ్చి ఇంట్లో చారన్నం అడగడం ఆయనకు అలవాటు. ముద్దలు కలిపి పెడుతున్నాను. ఆయన హుషారుగా ఉన్నాడు. ఆయన మొహం చూస్తుంటే నాలుక చివరిదాకా వచ్చింది, అదంతా నీ తమ్ముడు ఆడుతున్న నాటకం అని. ఎందుకు చెప్పాలనిపించిందో తెలియదు. అంత మంచితనం కిందపడి నలగడం నాకు చేతకాదు కాబోలు. మింగేశాను. ఒక్క మాట మింగడానికే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. షబ్రీన్ ఇన్ని రోజులుగా ఎట్లా మింగుతోందో.

"ఏంది వహీదా, కండ్లల్లో నీళ్ళు?"

"కారం" అన్నాను.

ఆయన కాసేపు నమిలి, మింగి, మెల్లగా అన్నాడు. "నీకూ తెలిసిపోయిందా."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"బంగారుపాళ్యంలోనే నాకు తెలిసె. నూనెలో ఎర్రగడ్డలు ఏగుతా ఉంటే వాడు అటు తిరిగి మాట్లాడతా ఉన్న్యాడు. మాడే ముందర ఒక వాసన వస్తాదే, అది తగలంగానే గిరుక్కున తిరిగినాడు. ముక్కు లేనోడు అట్ల తిరగడు."

"తెలిసి కూడా శాలువా కప్పించుకుంటివా? తెలిసి కూడా ఈ పొద్దు దాకా కుర్చీలో కూసుంటివా?" అన్నాను. గొంతు పెరిగింది. అవతలి గదికి వినిపిస్తుందని తగ్గించాను.

"కూసోకుంటే ఎట్ల? వాడు అంత కష్టపడి ఇస్తా ఉండాడు. తీసుకునేదానికి నేను కొంచెం కష్టపడద్దా?" అన్నాడు. కట్టు కట్టిన చేతి వేళ్ళు మెల్లగా ముడిచి, మళ్ళీ విప్పాడు. "మొదటి రోజు ఆ కుర్చీ ముండ్ల మాదిరి ఉన్నింది. ఇప్పుడు సర్దుకుండె. రంజాను అయినాక ఎవురు ఫోన్ చేసినా నిస్సార్ మాస్టర్‌నే పిలవండి అని నేనే చెప్తా. అంతదాకా వాని సంతోషం వాన్ని పడనీ."

ఇన్నాళ్ళూ ఆయన నోట్లో అల్హందులిల్లా ఊరికే వస్తుందనుకున్నాను. తమ్ముడికి తెలియదు, అన్నకు తెలుసని. అన్న ముందు షబ్రీన్ నోరెత్తదు. షబ్రీన్‌కు తెలుసని అత్తమ్మకు తెలియదు. అత్తమ్మకు ఏం తెలుసో అల్లాకే ఎరుక. ఒకరి కోసం ఒకరు మింగుకుంటూ ఇంతమంది నా చుట్టూ తిరుగుతుంటే, నేను వాకిట్లో ఇస్త్రీ చొక్కాలు లెక్కపెడుతూ కూర్చున్నాను. కోపం వచ్చింది, నన్నొక్కదాన్నే బయట నిలబెట్టారని. ఎవరూ నిలబెట్టలేదు, నేనే నిలబడ్డాను.

ఆగిపోయిన ముద్ద ఆయన నోట్లో పెట్టాను. చారులో ఉప్పు వేశానో లేదో గుర్తు రాలేదు. "ఉప్పు సరిపోయిందా?" అని అడిగాను.

"బాగా సరిపోయింది" అన్నాడు.

నిజమో అబద్ధమో, ఈ ఇంట్లో ఇక నాకు తెలిసే దారి లేదు.